అద్దానికి అతుక్కున్న నిజాం

హనుమకొండలో మా ఇంటి హాల్లో ఫ్రేమ్ కట్టిన చారిత్రక ఫోటోలు పెట్టుకుని కొన్నేళ్లయింది. సైజులు, రేట్లు అమ్మేవాళ్లే చెబుతారు. వాళ్లు చెప్పనిది ఒకటుంది: ఫోటోకీ అద్దానికీ మధ్య సందు ఉందా, లేదా. కొనేముందు అడగాల్సింది నా లెక్కలో అదొక్కటే.

బేగంపేట విమానాశ్రయంలో సర్దార్ పటేల్ ఎదుట నిజాం చేతులు జోడించిన ఫోటో ఉంది కదా, దాన్ని ఆన్‌లైన్‌లో ఫ్రేముతో సహా తెప్పించాను. వెనక స్టిక్కర్ మీద 1948 సెప్టెంబర్ 17 అని వేశారు. నిజానికి అది 1949 ఫిబ్రవరి నాటిది, పోలీసు చర్య ముగిసిన ఐదు నెలలకు తీసింది. స్టిక్కర్ గోడవైపే ఉంటుందిలే అని ఊరుకున్నా. గ్లాసీ పేపర్ మీద నలుపు ఎంత చిక్కగా వచ్చిందో ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చెప్పాను.

2023 జూలైలో వరంగల్‌ను ముంచెత్తిన వానలకు మా ఇంట్లోకి నీళ్లు రాలేదు గానీ ఆ గోడ మాత్రం చెమ్మ పీల్చింది. తర్వాత చూస్తే ఫోటో కింది మూల నూనె మరకలా మెరుస్తోంది. తుడిస్తే పోలేదు. గ్లాసీ పేపర్ పైపొర చెమ్మకు ఉబ్బి అద్దానికి అతుక్కుపోయింది. మధ్యలో మౌంట్ (సందు కోసం ఫోటో చుట్టూ పెట్టే అట్ట చట్రం) పెట్టకుండా ఫోటోను నేరుగా అద్దానికి ఆనించి బిగించేశారు మరి.

చౌరస్తా దగ్గర ఫ్రేములు కట్టే ఆయన వెనక మేకులు పీకి, హార్డ్‌బోర్డు తీసి, మూలను వేలితో కొద్దిగా లేపి ఆగిపోయాడు. "సార్, గుంజితే బొమ్మ పొర అద్దంతోనే లేచొస్తది. గిట్లనే ఉండనియ్యిండ్రి" అన్నాడు. లేపినంత మేర అప్పటికే గోరంత తెల్లమచ్చ పడింది. అమ్మినవాళ్లను అడిగితే చెమ్మకు వారంటీ వర్తించదన్నారు. వానాకాలమంతా ఫ్రేములు బీరువాలో దాచుకోవాలి కాబోలు!

అదే గోడ మీద సునీల్ జానా తీసిన తెలంగాణ సాయుధ పోరాటం ఫోటో ఉంది. దానికేమీ కాలేదు. మ్యాట్ పేపర్, చుట్టూ మౌంట్, గోడకు తగలకుండా వెనక మూలల్లో రబ్బరు ముక్కలు. అయితే మౌంట్ లోపలి అంచు ఇప్పుడు కాస్త పసుపెక్కింది. మామూలు అట్టలో ఉండే ఆమ్లం పని అది. వదిలేస్తే ఫోటోకూ పాకుతుంది. ఆమ్లం లేని అట్ట నేనడిగిన షాపుల్లో దొరకలేదు.

చిక్కటి నలుపు అన్నానే, అది పగటి సంగతి. రాత్రి లైటేస్తే పటేల్ ముఖం మీద ట్యూబ్‌లైటే కనబడుతుంది.

మాది కింది పోర్షన్, ఆ గోడకు అవతల బాత్రూమ్. పై అంతస్తులో పొడి గోడ ఉన్నవాళ్లకు ఇంత తంటా ఉండకపోవచ్చు. నేనైతే ఇకమీదట మ్యాట్ ప్రింట్ ఒక్కటే తెప్పించుకుని, ఫ్రేము ఇక్కడే దగ్గరుండి కట్టించుకుంటాను.