80జీ రివ్యూ: 20,000 విరాళమిస్తే మిగిలేదెంత?

ఆదాయపు పన్ను చట్టంలో విరాళాలకి మినహాయింపునిచ్చే 80జీ సెక్షన్‌కి ఐదుకి మూడు మార్కులు. రెండు మార్కులు పోయింది కాగితాల తంతు వల్లే.

ముందు లెక్క చూద్దాం. 2025-26 ఆర్థిక సంవత్సరంలో, పాత పన్ను విధానంలో, 30 శాతం స్లాబులో ఉన్నవారు 80జీ ఆమోదమున్న ట్రస్టుకి 20,000 ఇచ్చారనుకోండి. మామూలు ట్రస్టులకి మినహాయింపు సగమే కాబట్టి ఆదాయంలోంచి తగ్గేది 10,000. సెస్సుతో కలిపి 31.2 శాతం చొప్పున ఆదా అయ్యే పన్ను 3,120. అదే డబ్బు ముఖ్యమంత్రి సహాయ నిధికిస్తే నూరు శాతం మినహాయింపు, 6,240 మిగులుతుంది. నూరు శాతం అనగానే ఇచ్చిందంతా వెనక్కొస్తుందని ఆశపడకండి, తగ్గేది ఆదాయం. దీన్నే తిప్పి చూస్తే, జేబులోంచి 20,000 పోయినా ఫర్వాలేదనుకునేవారు ట్రస్టుకి దాదాపు 23,700, సహాయ నిధికైతే 29,000 దాకా ఇవ్వొచ్చు. మామూలు ట్రస్టులకిచ్చే విరాళంలో లెక్కలోకి తీసుకునేదానికి, ఇతర మినహాయింపులు పోగా మిగిలే ఆదాయంలో 10 శాతం పరిమితి ఉంది గానీ, చాలామందికి అది అడ్డురాదు.

కొత్త విధానంలో 80జీ లేదు. అక్కడ జీతగాళ్ళకి 12.75 లక్షల దాకా పన్నే పడనప్పుడు, విరాళం కోసమని పాత విధానాన్ని పట్టుకు వేలాడటం దండగ. ఇంటి లోను వడ్డీ, హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) వల్ల ఎలాగూ పాతదే లాభమయ్యేవారికే ఈ సెక్షన్ పనికొస్తుంది. వాళ్ళు కూడా గడువులోగా రిటర్న్ వేయాలి. ఆలస్యమైతే పాత విధానం ఎంచుకునే వీలు పోతుంది, దాంతోపాటే 80జీ కూడా.

అసలు చిరాకు 10బీఈ అనే విరాళం సర్టిఫికెట్ దగ్గర. ట్రస్టు ఇచ్చిన రసీదొక్కటే చాలదు. మే 31లోగా ట్రస్టు దాతల వివరాలతో ఫారం 10బీడీ దాఖలు చేసి, ఆదాయపు పన్ను పోర్టల్‌లో వచ్చే 10బీఈ సర్టిఫికెట్‌ని దాతకివ్వాలి. దాని మీదున్న ఏఆర్‌ఎన్ (గుర్తింపు) నంబరుని రిటర్న్‌లోని 80జీ షెడ్యూల్‌లో కొట్టాలి. ఎక్కువగా తేడా కొట్టేది పాన్ దగ్గరే. చేత్తో రాసిన రసీదులో ఒక అక్షరం తప్పు పడుతుంది, లేదా డబ్బు భర్త ఖాతాలోంచి వెళ్తే రసీదు భార్య పేరున రాస్తారు. ట్రస్టు సవరించిన 10బీడీ వేస్తే సరిపోతుంది గానీ, జులై నెలాఖరున వాళ్ళ అకౌంటెంటు ఫోనెత్తాలి కదా! అందుకే జూన్ మొదట్లోనే సర్టిఫికెట్ అడిగి తెప్పించుకోండి.

నగదు 2,000 దాటితే మినహాయింపు సున్నా. 5,000 నగదిస్తే అందులో 2,000కైనా వస్తుందనుకోవద్దు. హుండీలో వేసినదానికి రసీదే ఉండదు. అన్నదానానికి బియ్యం బస్తాలిచ్చినా లెక్కలోకి రాదు, వస్తువులకి 80జీ వర్తించదు. ఆ బస్తాల ఖరీదునే టీటీడీ అన్నప్రసాదం ట్రస్టులాంటి 80జీ ఉన్న ఖాతాకి ఆన్‌లైన్లో, పాన్ నంబరిచ్చి పంపండి.