గదిని మైదానం చేసిన లెన్స్: గండికోట, బెలుం, లేపాక్షి

యాప్‌లో ఆ గది ఫోటో చూసి బుక్ చేసింది నేనే, కాబట్టి తిట్లు తిన్నదీ నేనే. ఫోటోలో మంచానికీ కిటికీకీ మధ్య పిల్లలు క్రికెట్ ఆడుకునేంత జాగా ఉంది. ఒక మూల సోఫా, ఇంకో మూల టేబులు, ఎక్కడో దూరంగా బాత్రూం తలుపు. డీలక్స్, రాత్రికి 2,400. గండికోటకి దగ్గర్లో ఈ రేటుకి ఇంత పెద్ద గదా అని మురిసిపోయి, రెండు గదులకి రెండు రాత్రులకి మొత్తం 9,600 ముందే కట్టేశాను.

రాత్రి తొమ్మిదింటికి తలుపు తీసి అడుగు పెడితే మోకాలు మంచానికి తగిలింది. సోఫా అనుకున్నది ఇద్దరు పట్టని బెంచీ. సూట్‌కేసు తెరవాలంటే మంచం మీదే తెరవాలి. బాత్రూం తలుపు సగం తెరుచుకుని మంచం కోడుకి కొట్టుకుని ఆగిపోతుంది, పక్కకి తిరిగి దూరాలి. మా బావ కాస్త భారీ మనిషి, పక్కకి తిరిగినా పెద్ద తేడా ఉండదు. అక్క ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోతేనే నాకు టెన్షన్. నేల మీద రెండడుగుల టైల్స్ ఉంటే లెక్కపెట్టాను. ఒకవైపు అయిదు, ఇంకోవైపు నాలుగున్నర. అంటే పది బై తొమ్మిది గది!

కిందికి వెళ్లి అడిగితే మేనేజర్ నా ఫోన్ తీసుకుని ఫోటో పెద్దది చేసి, "ఈ గదే కద సార్. ఇదిగో కర్టెన్, ఇదిగో టేబులు" అని ఒక్కొక్కటీ వేలు పెట్టి చూపించాడు. నిజమే, అన్నీ అవే. అబద్ధం ఆడాడని అనడానికి లేదు. డబ్బు వెనక్కి ఇమ్మంటే యాప్ వాళ్లని అడగమన్నాడు. యాప్ వాళ్లకి ఫోన్ చేస్తే లాడ్జి వాళ్లని అడగమన్నారు. నలభై నిమిషాలు వాదించాక దక్కినవి రెండు టవళ్లు. అందులో ఒకటి తడిది.

ఇందులో నవ్వుకోవాల్సిన సంగతి నాకు రెండో రాత్రి గానీ తెలియలేదు. అసలీ ప్రయాణానికి నేను 16-35 ఎంఎం వైడ్ లెన్స్ ఒకటి అద్దెకి తెచ్చుకున్నాను (ఈ అంకె ఎంత చిన్నదైతే ఫోటోలో అంత విశాలంగా పడుతుంది, పెద్దదైతే దూరపువి దగ్గరకి వస్తాయి). రోజుకి 900 చొప్పున నాలుగు రోజులకి 3,600, పైన 15,000 డిపాజిట్. అంతకుముందు ఎన్నడూ వైడ్ వాడలేదు. నాకు తెలిసిందల్లా అందులో ఎక్కువ పడుతుందని. లోయ పెద్దది కాబట్టి వైడ్ కావాలి, అంతే నా లెక్క. బావ బయల్దేరిన దగ్గర్నుంచీ ఒకటే పాట: "ఫోన్‌లో వైడ్‌గా తీసే 0.5 ఉంది కదరా, దీనికి 3,600 దేనికి?"

మొదటి తెల్లవారుజామున చీకట్లోనే కోట చేరాం. పెన్నా నది ఎర్రమల కొండల్ని కోసుకుంటూ పోయిన ఆ చోటు గురించి ఎంత విన్నా, అంచున నిలబడితే కాళ్లు ఒణుకుతాయి. రాళ్ల మీద రాళ్లు పేర్చినట్టున్న ఎర్రటి గోడలు, కింద ఎక్కడో నీళ్లు. దాదాపు 300 అడుగుల లోతు అంటారు. మేం నిలబడ్డ చోట కంచె లేదు, జాగ్రత్త. ఎండ పడగానే 16 ఎంఎంలో పెట్టి అరవై ఫోటోలు తీశాను. తర్వాత స్క్రీన్ మీద చూసుకుంటే ఏడుపొచ్చింది. పైన సగం ఖాళీ ఆకాశం, కింద సగం ఖాళీ బండ, మధ్యలో పొలం కాలవ లాంటి గీత. అదే గండికోట! బావ ఫోన్‌లో మామూలుగా తీసిన ఫోటోలో లోయ లోయలా ఉంది. ఆయన ఏమీ అనకుండా స్క్రీన్ నా మొహం ముందు పెట్టి తీసేశాడు.

మాధవరాయస్వామి గుడి గోపురం దగ్గరా అదే కథ. దగ్గరికి వెళ్లి కెమెరా పైకెత్తి తీస్తే గోపురం వెనక్కి పడిపోతున్నట్టు వచ్చింది. ఆపైన గ్రూప్ ఫోటో. టైమర్ పెట్టి పరుగెత్తుకొచ్చి నేను మధ్యలో నిలబడ్డాను, అక్క చివర నిలబడింది. వైడ్‌లో అంచున ఉన్నదేదైనా బయటికి సాగుతుందని అప్పటికి నాకు తెలియదు. అక్క మొహం ఒక చెంప వైపు జారినట్టు వచ్చింది. "నన్ను గుమ్మడికాయని చేశావు కదరా" అని ఆ రోజంతా కెమెరా ముందుకి రాలేదు. రెండు మినార్ల జామా మసీదు వరండాలోనూ, ధాన్యాగారంలోనూ మాత్రం ఏమీ తెలియకుండానే మంచి ఫోటోలు పడ్డాయి. వెనక్కి జరగడానికి చోటులేని ఆ కమానుల కింద లెన్స్ తన పని తాను చేసుకుపోయింది. ఎందుకో అప్పుడు ఆలోచించలేదు.

జమ్మలమడుగులో ఉగ్గాణి, బజ్జీ తిన్నాక అందరి మూడూ కాస్త బాగుపడింది. మధ్యాహ్నం బెలుం.

బెలుం గుహల పొడవు 3,229 మీటర్లు, మనం తిరగగలిగింది అందులో కిలోమీటరున్నర. బావిలా ఉన్న నోట్లోంచి మెట్లు దిగి లోపలికి పోవాలి. లోపల చెమట కారే వేడి, గాలిలో తేమ. ఏసీ కారులోంచి తెచ్చిన లెన్స్ బయటికి తీయగానే మంచు పట్టినట్టు తెల్లబడిపోయింది. గుడ్డ పెట్టి తుడిస్తే మళ్లీ పట్టింది. తుడవకూడదట, దాన్నలా వదిలేసి లోపలి వేడికి అలవాటు పడనివ్వాలట. పావుగంట పట్టింది. మీరు వెళ్తే దిగడానికి అరగంట ముందే కారులో ఏసీ ఆపేయండి, ఇంట్లో వాళ్లు ఎంత గోల పెట్టినా సరే.

అక్కడ మాత్రం అద్దె గిట్టుబాటైంది. ఇరుకు దారులు, నెత్తికి తగిలే పైకప్పు, ఉన్నట్టుండి విచ్చుకునే హాళ్లు. ఊడలమర్రి అనే హాల్లో పైనుంచి దిగిన రాతి ఊడలన్నీ ఒక్క ఫ్రేములో పట్టాయి. స్టాండు లేకుండానే ఒళ్లు గోడకి ఆనించి, ఊపిరి బిగబట్టి సెకనులో ఎనిమిదో వంతు షట్టర్‌తో తీశాను. వైడ్‌లో చెయ్యి వణుకు తక్కువ కనిపిస్తుంది. అదే వణుకు 85 లెన్స్‌లో అయితే మొత్తం చెదిరిపోతుంది. బావ 0.5లో తీసినవి ఫోన్‌లో బాగానే కనిపించాయి గానీ పెద్దవి చేసి చూస్తే రాళ్లన్నీ రంగునీళ్లలో నానిన అట్టముక్కల్లా ఉన్నాయి. ఈసారి స్క్రీన్ ఆయన మొహం ముందు నేను పెట్టాను. అడుగున పాతాళగంగ దాకా దిగాం, 46 మీటర్ల లోతు. మోకాళ్ల నొప్పులున్న అక్క మధ్యలోనే కూర్చుండిపోయింది. లోపల పెట్టిన రంగుల లైట్లు నాకు నచ్చలేదు. అంత అందమైన రాయికి ఆకుపచ్చ బల్బు అవసరమా?

రాత్రి మళ్లీ ఆ గదే. ఏసీ చప్పుడుకి నిద్ర పట్టలేదు. మంచం మీద కూర్చుని పొద్దుటి లోయ ఫోటోలూ, యాప్‌లో గది ఫోటో మార్చి మార్చి చూస్తున్నాను. మూడొందల అడుగుల లోయ కాలవ అయింది, పది అడుగుల గది మైదానం అయింది. రెండూ ఒకే రకం లెన్స్ పని అయితే ఇలా ఎలా? లేచి కెమెరా తీసి, వీపు తలుపుకి ఆనించి, ఛాతీ ఎత్తున పట్టుకుని 16లో నొక్కాను. అచ్చం యాప్‌లో ఫోటోయే! అదే సోఫా, అదే దూరపు బాత్రూం.

ఆ తర్వాత అడుగు కదపకుండా 35కి తిప్పి మళ్లీ తీశాను. దిండూ బాత్రూం తలుపూ మాత్రమే పడ్డాయి. ఇందాకటి 16 ఫోటోలో మధ్య ముక్కని పెద్దది చేసి పక్కన పెడితే రెండూ ఒక్కటే. అంటే తలుపుని దూరం చేసింది లెన్స్ అనుకోవడం నా పొరపాటు. మంచం చివర నాకు చేతికందేంత దగ్గరుంది, తలుపు తొమ్మిది అడుగుల అవతల ఉంది. ఒంటికి ఆనుకున్నంత దగ్గరున్నది పెద్దగా, తొమ్మిదడుగుల అవతలది చిన్నగా కనిపించడం కంటికీ ఉన్నదే. మామూలు లెన్స్‌కి అంత దగ్గర్నుంచి రెండూ పట్టవు, అందుకని మనం ఆ తేడా గమనించం. 16కి మూల నుంచి మూలకి 107 డిగ్రీలు పడతాయి కాబట్టి కాళ్ల దగ్గర మంచంతో సహా దొరికిపోయింది. పొద్దున లోయ దగ్గర నా ముందు ఏమీ లేదు. ఉన్నదంతా దూరమే, దూరంగా ఉన్నదంతా చిన్నదైపోయింది. ధాన్యాగారంలో స్తంభాలు పక్కనే ఉన్నాయి, అందుకే బతికిపోయాను.

ఆ లాడ్జికి ఫోటో తీసినవాడెవడో గానీ, 2,400కి నాకు పాఠం చెప్పాడు.

మర్నాడు చెక్ అవుట్ చేసేసి తెల్లారకముందే మళ్లీ కోటకి పోయాం. అక్క కారులోనే పడుకుంది. ఈసారి లోయ వైపు చూడకుండా ముందు కాళ్ల దగ్గర చూశాను. అంచుకి కాస్త ఇవతల బండలో ఒక పగులు వంకర తిరిగి లోయ వైపు పోతోంది. బోర్లా పడుకుని కెమెరాని ఆ పగులుకి రెండడుగుల దూరంలో పెట్టాను. లెన్స్ లోపలి రంధ్రం చిన్నది చేసి ఎఫ్/11లో పెట్టాను, ఫోకస్ మూడడుగుల దగ్గర. 16లో అలా పెడితే ముందు రాయి నుంచి అవతలి గట్టు దాకా అన్నీ స్పష్టంగా వస్తాయి, దూరాన ఫోకస్ చేయాల్సిన పనే లేదు. మోచేతులు గీరుకుపోయాయి గానీ ఫోటో వచ్చింది. రాయి గరుకు చేతికి తగిలేట్టుంది, దాని వెనక లోయ నోరు తెరుచుకుని ఉంది. అలాంటివి ఆరు తీశాను, ఆరూ దాచుకున్నాను. నది మలుపు ఒక్కటే కావాలనుకున్నప్పుడు మాత్రం వైడ్ తీసేసి 70లో తీశాను, దానికి అదే సరైనది.

గోపురానికి మందు కూడా తేలికే. కెమెరాని పైకెత్తకూడదు. వెనక్కి వెళ్లి, నిటారుగా పట్టుకుని తీసి, కింద అనవసరంగా పడ్డ నేలని తర్వాత కోసేయడమే.

అక్కడ్నుంచి లేపాక్షి చాలా దూరం, రోడ్డు బాగానే ఉంది, కారులో ఎవరూ పెద్దగా మాట్లాడలేదు.

లేపాక్షి నంది దగ్గర తెలివి ఎక్కువై బోల్తా పడ్డాను. ఒకే రాతిలో చెక్కింది, 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు. దగ్గరికి వెళ్తే మంచిదని నేర్చుకున్నాను కదా, మూతి ముందుకి వెళ్లి తీశాను. మూతి ఏనుగంత, వెనక ఒళ్లు కుక్కపిల్లంత వచ్చింది. మెడలో గంటలూ దండలూ అంత ఓపికగా చెక్కిన శిల్పికి అది అవమానం. దూరం జరిగి 50లో తీస్తే నంది నందిలా కూర్చుంది. జంతువైనా మనిషైనా, ఆకారం ఆకారంలా ఉండాలంటే వైడ్‌తో మీద పడకూడదు.

వీరభద్రాలయం లోపల మళ్లీ వైడ్ రాజ్యం. ముఖమండపం పైకప్పు నిండా విజయనగర కాలపు వర్ణచిత్రాలు. మనకి మెడ నొప్పి, మామూలు లెన్స్‌కి ఒక ముక్కే దొరుకుతుంది. పురావస్తు శాఖ కట్టడాల్లో స్టాండుకి ముందుగా అనుమతి ఉండాలి. నేను తీసుకోలేదు, కాబట్టి బయటే వదిలేశాను. జనం పలచబడ్డాక నేల మీద వెల్లకిలా పడుకుని, కెమెరాని నుదుటికి ఆనించి నేరుగా పైకి చూపించి తీశాను. నిలువునా పైకి చూపిస్తే గీతలు వంకర పోవు. కొంచెం అటూ ఇటూ వంగితేనే కప్పు ఒరిగిపోతుంది. ఇద్దరు పిల్లలు నాకేదో అయిందనుకుని వాళ్ల నాన్నని పిలుచుకొచ్చారు.

పూర్తికాని కళ్యాణమండపం స్తంభాల మధ్య అక్కని బతిమాలి నిలబెట్టాను. ఈసారి సరిగ్గా ఫ్రేము నడిమధ్యలో, పది అడుగుల దూరంలో. అటూ ఇటూ స్తంభాలు పెద్దగా, మధ్యలో ఆవిడ చిన్నగా, మొహం మొహంలా ఉంది. చాలాసేపు చూసి "నాకు పంపించు" అంది. మూడు రోజుల్లో ఆవిడ నాతో అన్న మంచి మాట అదొక్కటే. ఆ రాత్రి లేపాక్షిలో 1,500 గది, ఫోటోలో ఉన్నంతే ఉంది. చెప్పుకోవడానికేమీ లేదు.

లెన్స్ వెనక్కిస్తే డిపాజిట్ మొత్తం ఆ రోజే వచ్చింది. కొనుక్కోవాలా అంటే నేను కొనను. ఏడాదికి నాలుగు రోజుల పని, అద్దే నయం. గండికోటలో సూర్యోదయం కావాలంటే వీలైనంత వరకు కోట దగ్గరే ఉండండి, టౌన్‌లో ఉండి నాలుగింటికి లేవడం నరకం. గది ఫోటో చూసేటప్పుడు నేల మీద టైల్స్ లెక్కపెట్టండి. అంచున ఉన్న గోడ గడియారమో, లైటు బుడ్డో కోడిగుడ్డులా సాగి ఉంటే ఆ గదిని మనసులో సగం చేసుకోండి.

ఇంటికొచ్చాక యాప్‌లో రివ్యూ రాశాను. రుజువుగా రెండు ఫోటోలు పెట్టాను. తలుపు దగ్గర్నుంచి 16లో తీసింది ఒకటి, మంచానికీ గోడకీ మధ్య బావ ఇరుక్కుని నిలబడ్డది ఇంకోటి. వారం తర్వాత చూస్తే లాడ్జి పేజీలో పైన కొత్త ఫోటో మెరిసిపోతోంది. పాతదానికన్నా వెలుతురు బాగుంది, గది ఇంకాస్త పెద్దగా కూడా ఉంది. సోఫా మీద నా తడి టవల్ కనిపిస్తోంది. బావ ఫోటో మాత్రం ఎక్కడా లేదు.