స్టీలు కప్పుల అద్దె సర్వీసు: నాలుగు స్టార్లు, ఐదోది సబ్బు వాసనకి పోయింది

మాదాపూర్‌లో మా ఆఫీసు, డెబ్భై మందిమి. రోజుకి రెండు టీలు లెక్కేస్తే 140 పేపర్ కప్పులు చాలాలి, కానీ రెండొందలు దాటేవి, ఎందుకంటే చెయ్యి కాలుతుందని కప్పులో కప్పు పెట్టుకుని తాగేవాళ్ళే ఎక్కువ (నేనూ అంతే, అబద్ధమెందుకు).

పేపరే కదా అనుకుంటాం గానీ లోపల పల్చటి ప్లాస్టిక్ పూత ఉంటుంది, అందుకే టీ కారదు. 2020లో ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్ళు ఆ కప్పుల్లో వేడి నీళ్ళు పోసి 15 నిమిషాలు ఉంచి చూస్తే 100 మిల్లీలీటర్లలో దాదాపు 25 వేల ప్లాస్టిక్ రేణువులు తేలాయి. ఆ వార్త ప్రింట్ తీసి ప్యాంట్రీ గోడకి అంటించా, ఎవరి కప్పు వాళ్ళు తెచ్చుకోండని మెయిల్ పెట్టా. వారం రోజులు తెచ్చారు. ఆ తర్వాత సింకు దగ్గర లైను, ఎవరిదో తెలియని కప్పులో బూజు, మళ్ళీ పేపర్ కప్పులే.

అప్పుడు ఈ సర్వీసు పెట్టించాను. పొద్దున్నే క్రేట్లలో రెండు పొరల స్టీలు కప్పులు దింపి, నిన్నటి ఎంగిలి కప్పులు తీసుకెళ్ళి కడుక్కొస్తారు. చేయి కాలదు. ఖాళీ కప్పు చెత్తబుట్టలో కాకుండా పక్కనున్న టబ్బులో వెయ్యాలి, మావాళ్ళ మీద పడ్డ కష్టం అంతే, అందుకే మెయిల్‌తో అవ్వనిది దీంతో అయింది. ఒక్కటి మాత్రం చెయ్యండి, మిగిలిన పేపర్ కప్పులు మొదటి రోజే అల్మారాలో పెట్టి తాళం వేసెయ్యండి, రెండూ ఎదురుగా ఉంటే జనం చెయ్యి అటే పోతుంది. "అందరూ తాగిన కప్పులో నేను తాగను" అని ఒకరిద్దరు మొరాయించారు. మరి ఇరానీ హోటల్లో ఏ గ్లాసులో తాగుతున్నావు బాబూ అంటే నవ్వేసి ఊరుకున్నారు.

ఇక తిట్లు. రెండో వారం కప్పులన్నీ సబ్బు వాసన, అల్లం టీ తాగుతుంటే గిన్నెలు తోమే లిక్విడ్ తాగుతున్నట్టుంది. ఫోన్ చేస్తే "చూస్తాం సార్" అన్నారు, మూడోసారి గట్టిగా అరిస్తే గానీ సరిచేయలేదు. వాన పడ్డ రోజు వ్యాన్ పదకొండు దాటాక వచ్చింది, ఆ పూట తాళం తియ్యక తప్పలేదు. కప్పు పోతే డబ్బులు కట్టాలి. నెలలో తొమ్మిది మాయమయ్యాయి, వాటిలో మూడు పర్యావరణ దినోత్సవానికి అందరికీ మొక్కలు పంచిన మా హెచ్‌ఆర్ మేడమ్ టేబుల్ మీద పెన్నుల స్టాండ్లుగా దొరికాయి.

ఖర్చు పేపర్ కప్పుల కంటే కొంచెం ఎక్కువే. పదిహేను మందున్న ఆఫీసైతే ఇదంతా దండగ, గ్లాసులు కొనుక్కుని కడుక్కోండి. మేము మాత్రం ఇంకో మూడు నెలలకి కట్టేశాం. క్రేటు దింపగానే ఒక కప్పు వాసన చూసి గానీ సంతకం పెట్టట్లేదు.