ఎమిలీ డికిన్‌సన్‌ని ఆమె చేతిరాతలోనే చదవాలనుకుంటే ఈ సైట్ చూడండి

అమెరికన్ కవయిత్రి ఎమిలీ డికిన్‌సన్ కవితల్ని అచ్చు పుస్తకంలోనే చదివినవాళ్లు ఎమిలీ డికిన్‌సన్ ఆర్కైవ్ అనే వెబ్‌సైట్‌ని తప్పకుండా తెరిచి చూడాలి. 2013లో మొదలైంది, ఉచితం, ఆమె రాతప్రతుల ఫొటోలు పెద్దవి చేసుకుని చూడొచ్చు. నాకైతే ఆమె మీద చదివిన ఏ వ్యాసం కన్నా ఇదే ఎక్కువ నేర్పింది.

ఎందుకో చెప్తాను. మసాచుసెట్స్‌లోని ఆమ్‌హర్‌స్ట్‌లో 1830లో పుట్టి 1886లో అక్కడే పోయిన ఈ మనిషి దాదాపు 1,800 కవితలు రాస్తే, బతికుండగా అచ్చయినవి పది దాకా మాత్రమే, అవీ పేరు లేకుండా. పోయాక చెల్లెలు లవీనియాకి ఆమె గదిలో కవితలు దొరికాయి, వాటిలో 40 చిన్న పుస్తకాలు ఎమిలీ తన చేత్తో దారం వేసి కుట్టుకున్నవి. తర్వాత గొడవలు మొదలయ్యాయి. అన్న ఆస్టిన్‌కి మేబుల్ లూమిస్ టాడ్‌తో సంబంధం, ఎమిలీ కవితలకి మొదటి సంపాదకురాలు కూడా ఆమే, ఇటు ఆస్టిన్ భార్య సూసన్ ఎమిలీకి ప్రాణస్నేహితురాలు. కాగితాలు రెండు కుటుంబాల మధ్య చీలిపోయి, చివరికి ఒక భాగం హార్వర్డ్‌కి, ఇంకోటి ఆమ్‌హర్‌స్ట్ కాలేజీకి చేరాయి. ఆ రెండూ ఇప్పుడు ఒకే స్క్రీన్ మీద దొరుకుతున్నాయి, ఈ సైట్ చేసిన పెద్ద పని ఇదే.

అసలు తేడా విరామచిహ్నాల దగ్గర తెలుస్తుంది. 1866లో ఒక పత్రిక ఆమె పాము కవితని వేస్తూ మూడో పాదంలో విరామచిహ్నం మార్చేస్తే, ఆ ఒక్క మార్పుకే బాధపడి, తను ఉత్తరాలు రాసుకునే రచయిత హిగ్గిన్‌సన్‌కి ఉత్తరం రాసింది. అంత పట్టింపు ఉన్న మనిషి కవితలకి 1890 నాటి మొదటి పుస్తకంలో టాడ్, హిగ్గిన్‌సన్ కలిసి పేర్లు పెట్టారు, విరామచిహ్నాలుగా ఆమె వాడే అడ్డగీతలు (డాష్‌లు) తీసేశారు, ప్రాసలు సరిచేశారు. మృత్యువు బండి ఆపి ఎక్కించుకునే ఆ ప్రసిద్ధ కవితలో ఏకంగా ఒక చరణమే ఎగిరిపోయింది! రాతప్రతిలో ఆ గీతలు కొన్ని పొట్టిగా, కొన్ని వాలుగా కనిపిస్తాయి. కొన్ని మాటల పక్కన చిన్న కూడిక గుర్తు ఉంటుంది, దానికి బదులుగా వాడదగ్గ మాటలు పేజీ కింద రాసి ఉంటాయి, వాటిలో ఏది ఖాయమో ఆమె చాలాచోట్ల తేల్చకుండానే వదిలేసింది. అచ్చులో ఒకటే మాట చూసి అదే చివరిది అనుకుంటాం కదా.

చింపిన కవర్ల మీద రాసుకున్నవి కూడా ఉన్నాయి. ఫొటో పక్కన వేర్వేరు ముద్రణల పాఠాలు పెట్టారు, ఆమె వాడిన మాటలకి ఒక నిఘంటువూ ఉంది.

ఇబ్బందులూ ఉన్నాయి. చేతిరాత చదవడం కష్టం, హిగ్గిన్‌సనే దాన్ని శిలాజాల్లోని పక్షి అడుగుజాడలతో పోల్చాడు. ఫోన్‌లో చూస్తే కళ్లు లాగేస్తాయి, పెద్ద స్క్రీన్ ఉంటేనే సుఖం. జీవితకథ వరసగా తెలుసుకోవాలనుకుంటే మాత్రం ఇది సరిపోదు, దానికి వేరే పుస్తకం పట్టుకోవాల్సిందే. కొత్తవాళ్లు ముందు అచ్చులో ఒక ఇరవై కవితలు చదివి, నచ్చినవి ఇక్కడ వెతుక్కుంటే మంచిది. నన్నడిగితే ‘సేఫ్ ఇన్ దెయిర్ అలబాస్టర్ ఛేంబర్స్’తో మొదలుపెట్టండి. రెండో చరణం సూసన్‌కి నచ్చకపోతే ఎమిలీ దాన్ని మళ్లీ మళ్లీ మార్చి రాసింది, ఆ రూపాలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఆమె ఎలా పనిచేసేదో అర్థమవుతుంది.