కేకే లైనులో కొరాపుట్ దాకా: రైలు, బసలు, మజిలీలు

అరకు వెళ్లి వచ్చినవారిని ఏం బాగుందని అడిగితే ఎక్కువమంది ముందుగా రైలు ప్రయాణం గురించే చెబుతారు. బొర్రా గుహలు, కాఫీ, బొంగులో చికెన్ ఆ తర్వాతే వస్తాయి. ఒడిశాలోని కొరాపుట్ దాకా వెళ్లి వచ్చాక మాకూ అలాగే అనిపించింది. అయితే ఏ పెట్టెలో ఎక్కాలి, ఎక్కడ దిగాలి, ఎక్కడ రైలును వదిలి రోడ్డు పట్టుకోవాలి అన్నవి ముందే ఆలోచించుకోకపోతే, నాలుగు గంటలు కూర్చుని సగం కొండలను ఎదుటివారి భుజాల మీదుగా తొంగిచూసి రావలసి వస్తుంది.

కొత్తవలస నుంచి కిరండూల్ దాకా సుమారు 445 కిలోమీటర్లు సాగే ఈ మార్గాన్ని విశాఖ జనం, రైల్వేవారు కేకే లైను అంటారు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపానుకు ఎగుమతి చేయడానికి 1960లలో తూర్పు కనుమలను తొలిచి దీన్ని వేశారు. ఆ సంగతి ప్రయాణికుడు గుర్తుంచుకోవడం మంచిది, ఎందుకంటే నేటికీ ఈ లైనులో పెద్దపీట ఖనిజం బండ్లదే. ఒంటి లైను ఉన్న చోట ఎదురుగా ఖనిజం నింపుకున్న గూడ్సు వస్తుంటే మన బండి పక్క లైనులో ఓపికగా నిలబడుతుంది. రెండో లైను పనులు పూర్తయితే ఈ నిరీక్షణ తగ్గవచ్చు. అంతవరకు మధ్యాహ్నం ఫలానా గంటకు ఫలానా చోట ఉండాలని గట్టిగా అనుకుని ఈ రైలు ఎక్కకూడదు.

పగటి బండి తెల్లవారాక, ఏడు గంటల లోపే విశాఖలో బయలుదేరుతుంది. ఇదే మార్గంలో కిరండూల్‌కు రాత్రి ఎక్స్‌ప్రెస్ కూడా ఉంది గాని, అది కనుమలను చీకట్లో దాటుతుంది కాబట్టి జగదల్‌పూర్‌లో పని ఉన్నవారికి తప్ప దానితో లాభం లేదు. పగటి బండికి 2017లో అద్దాల పెట్టెను, అంటే విస్టాడోమ్‌ను, తగిలించారు. పైకప్పులోనూ అద్దాలు, ఎటు కావాలంటే అటు తిరిగే కుర్చీలు, చల్లని గాలి, విశాలమైన కిటికీలు ఉన్న ఆ పెట్టెలో పెద్దవారికి, చిన్నపిల్లలున్నవారికి సుఖంగానే ఉంటుంది. దాని టిక్కెట్టు ధర మామూలు సీటుకు ఎన్నో రెట్లు. పైగా సెలవుల్లో ఎంతో ముందుగా చేయించుకుంటే తప్ప దొరకదు. నా మటుకు నాకు మామూలు రిజర్వు పెట్టెలో కిటికీ పక్క సీటే మేలనిపించింది. తెరిచిన కిటికీలోంచి సొరంగపు చల్లదనం మొహానికి తగులుతుంది, తడిసిన రాతిగోడ వాసన వస్తుంది. అద్దాల పెట్టెలో ఇవేవీ లోపలికి రావు. ఏ వైపు కూర్చోవాలని అడిగితే వెళ్లేటప్పుడు కుడివైపు అని చాలామంది చెబుతారు. అందుకే ఆ వైపు సీట్లు ముందుగా నిండిపోతాయి. అన్‌రిజర్వుడు పెట్టెల్లో ఆదివారం నిలబడడానికే చోటుండదు. పనిదినాల్లో ఆ ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది.

శృంగవరపుకోట దాకా పొలాలు, మామిడి తోటలు తప్ప చెప్పుకోదగ్గదేమీ లేదు. బొడ్డవర దాటాక ఇంజను గొంతు మారుతుంది, బండి నెమ్మదిస్తుంది. శివలింగపురం, టైడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు అంటూ వరసగా వచ్చే చిన్న స్టేషన్ల మధ్య సొరంగాలు ఒకదాని వెనుక ఒకటి వస్తాయి. లైను మొత్తంలో యాభైకి పైగా ఉన్న సొరంగాల్లో చాలావరకు ఈ కనుమ దారిలోనివే. ప్రతి చీకట్లోనూ కుర్రకారు వేసే కేకలు మొదటి నాలుగైదు సొరంగాల దాకా సరదాగానే ఉంటాయి, ఆ తర్వాత ఓర్చుకోవాలి. మలుపుల్లో మన బండి ముందు పెట్టెలు మనకే కనిపిస్తాయి, కింద లోయలో వాగు సన్నని తెల్లగీతలా మెరుస్తుంది. పట్టాల పక్క కంకర మీద, స్లీపర్ల అంచుల మీద పేరుకున్న ముదురు ఎరుపు పొడి ఖనిజం బండ్ల నుంచి రాలినదే. చిన్న స్టేషన్లలో గిరిజన స్త్రీలు రుతువును బట్టి సీతాఫలాలో, పనస తొనలో, జామకాయలో గంపలతో ఎక్కి రెండు మూడు స్టేషన్లు అమ్ముకుంటూ పోయి దిగిపోతారు. సీతాఫలాలు కొనేవారు ఒక సంగతి గమనించాలి: కళ్లు విచ్చుకుని తెల్లబారినవి ఆ రోజుకే పండుతాయి, మిగతావి ఇంటికి తీసుకెళ్లడానికి పనికొస్తాయి.

మా అనుభవంలో రైలు దిగవలసిన చోటు అరకు కాదు, బొర్రా. గుహలు స్టేషను నుంచి నడిచి వెళ్లగల దూరంలోనే ఉన్నాయి. పది గంటల ప్రాంతంలో రైలు దిగిన జనం ఒక్కసారిగా టిక్కెట్ల కిటికీ మీద పడతారు కనుక, ముందు టిఫిను చేసి ఓ అరగంట ఆగి వెళితే లోపల కాస్త తీరిగ్గా నడవవచ్చు. పైకప్పు నుంచి సున్నపు నీరు బొట్టుబొట్టుగా కారి యుగాల తరబడి గట్టిపడిన స్తంభాలు, కింది నుంచి మొలిచిన శిలలు, వాటి నడుమ మెట్లెక్కి చూడవలసిన శివలింగం, కప్పులోని రంధ్రం గుండా దిగే పగటి వెలుతురు, ఇవన్నీ చూడడానికి గంటన్నర చాలదు. గైడ్లు టార్చిలైటు వేసి ఇది ఋషి గడ్డం, ఇది తల్లీబిడ్డ అని చూపిస్తారు. వినడం మన ఇష్టం గాని, నాకైతే ఆ పోలికలు లేకుండా చూసినప్పుడే రాయి ఎక్కువ నచ్చింది. మెట్లు తడిగా ఉంటాయి, మోకాళ్ల నొప్పులున్నవారు మొదటి పెద్ద మంటపం దగ్గరే ఆగిపోవడం మంచిది. రైలు పట్టాలు ఈ గుహల పైనుంచే వెళతాయన్నది లోపల నిలబడినప్పుడు గుర్తొస్తే పైకప్పు వైపు చూపు దానంతట అదే పోతుంది. ఇక్కడినుంచి కటికి జలపాతానికి జీపులు దొరుకుతాయి, బేరమాడాలి. దారి గతుకులమయం, వానలు వెనుకబట్టిన నెలల్లో అయితేనే ఆ ఒళ్లు నొప్పులకు ప్రతిఫలం ఉంటుంది.

బొర్రాలో దిగితే రైలులో కోల్పోయేది శిమిలిగూడ ఒక్కటే. సముద్రమట్టానికి సుమారు 996 మీటర్ల ఎత్తున ఉన్న ఆ స్టేషను, కాశ్మీరు లోయలో రైళ్లు మొదలయ్యేదాకా దేశంలోని బ్రాడ్‌గేజి స్టేషన్లన్నింటిలోకి ఎత్తైనదిగా పేరు పొందింది. తిరుగు ప్రయాణం రైలులోనే చేస్తే అదీ తీరుతుంది. బొర్రా నుంచి అరకుకు అనంతగిరి మీదుగా రోడ్డున వెళితే సిల్వర్ ఓక్ చెట్లకు అల్లుకున్న మిరియాల తీగలు, వాటి నీడన కాఫీ తోటలు, గాలికొండ వ్యూ పాయింటు చూసుకుంటూ పోవచ్చు.

అరకు ఊరి విషయంలో ఆశలు తగ్గించుకుని వెళ్లాలి. బజారు ఇరుకు, సెలవు దినాల్లో కార్ల బారులు. గిరిజన మ్యూజియం చిన్నదే అయినా ఇళ్లు, వంటపాత్రలు, నగలు, పండుగల బొమ్మల కొలువుతో గంటసేపు నిలబెడుతుంది. పద్మాపురం తోట పిల్లలకు. చాపరాయి వాగు దగ్గర బండలు బాగా జారతాయి. బసకు పర్యాటక శాఖవారి హరిత రిసార్టులు ఊళ్లోనే ఉన్నాయి, ఆవరణలు విశాలం, గదులు సాదా. ప్రైవేటు లాడ్జీల్లో అద్దె కంటే ముందు అడగవలసింది వేడినీళ్లు ఏ వేళల్లో వస్తాయని. మేము దిగిన ఒక లాడ్జిలో లోయ కనిపించే గది అని చెప్పి ఇచ్చిన దాని కిటికీ పక్క మేడ గోడ వైపు తెరుచుకుంది, వేడినీళ్లు తెల్లవారుజామున ఒక గంట మాత్రమే వచ్చాయి. నిశ్శబ్దం కోరేవారు అరకు దాకా రాకుండా దిగువన టైడలో అడవి మధ్య ఉన్న పర్యాటక శాఖ కుటీరాల్లో ఆగవచ్చు. అక్కడ రాత్రి భోజనానికి మరో హోటలు వెతుక్కునే వీలుండదు, అంతే.

తిండి సంగతికొస్తే, బొంగులో చికెన్‌ను రోడ్డు పక్క మన కళ్లముందు నిప్పుల మీద తిప్పి, వెదురును చీల్చి, ఆకులో పెట్టి ఇచ్చే చోటే తినాలి. ముందే కాల్చి ఉంచి మళ్లీ వేడిచేసి ఇచ్చేది పీచుగా ఉంటుంది. కాఫీ పొడి కొనేవారు చికోరీ కలిపారో లేదో అడగాలి. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు వ్యాలీ అరబికా పేరు మీద బజారులో రకరకాల పొట్లాలు దొరుకుతున్నాయి.

నవంబరు, డిసెంబరుల్లో వలిసె పూలతో పొలాలు పసుపుపచ్చగా పరుచుకుంటాయి గాని, జనమూ అప్పుడే ముంచెత్తుతారు. నడి వర్షాకాలంలో బండరాళ్లు జారిపడి రైళ్లు రద్దయ్యే ప్రమాదం ఉంది. ఈ రెండింటి నడుమ సెప్టెంబరు చివర, అక్టోబరు నెల నా దృష్టిలో సరైన కాలం: వాగుల్లో నీళ్లుంటాయి, గదులు దొరుకుతాయి.

వీలున్నవారు మరునాడు అదే పగటి బండిని అరకులో పట్టుకుని కొరాపుట్ దాకా వెళ్లాలని గట్టిగా చెబుతాను. పర్యాటకులు దాదాపు అందరూ అరకులో దిగిపోతారు గనుక పెట్టెలు ఖాళీ అవుతాయి, ఆ పైన కిటికీ సీటుకు పోటీ ఉండదు. గోరాపూర్, పాడువా, మాచ్‌ఖండ్ రోడ్ మీదుగా ఒడిశా పీఠభూమిలో సాగే ఈ దారిలో సొరంగాల హడావుడి తక్కువ. మెట్టపొలాలు, ఎర్రమట్టి బాటలు, దూరంగా నీలి కొండలు కనిపిస్తాయి. శబర శ్రీక్షేత్రమని పిలిచే జగన్నాథాలయం కొరాపుట్‌లో తప్పక చూడదగ్గది. కొండ మీది ఆ గుడికి అన్ని వర్గాలవారూ వస్తారు, ప్రసాదం కూడా దొరుకుతుంది. హోటళ్లు అరకు కంటే చవక, శుభ్రతలోనూ తీసిపోవు, తెలుగుతో పని జరిగిపోతుంది. తిరుగు బండి మధ్యాహ్నం కొరాపుట్‌లో ఎక్కితే సాయంత్రానికి అరకు, రాత్రికి విశాఖ చేరుతుంది. చలికాలంలో మాత్రం కనుమలు దిగేసరికే చీకటి పడుతుంది కాబట్టి, అప్పుడు అరకులో దిగి బస్సులో రావడమో, కొరాపుట్‌లో మరో రాత్రి ఉండడమో ముందే తేల్చుకోవాలి.