నీట నానిన చెక్కకు గ్లైకాలా, పంచదారా?

పాతబస్తీలో ఒక ఇంటి బావి పూడిక తీసినప్పుడు దొరికిన చెక్క గిలకను నీళ్ల తొట్టిలో ఉంచి చూశాను: ఆకారం చెక్కుచెదరలేదు గానీ, గోరు ఆనిస్తే తడిసిన బిస్కెట్టులా దిగబడింది. ఏళ్ల తరబడి నానిన చెక్కలో సెల్యులోజు (చెక్కకు గట్టితనమిచ్చే పీచు పదార్థం) చాలావరకు నశించి, కణాల గోడలను నీరే నిలబెడుతూ ఉంటుంది కనుక, అలాగే ఆరబెడితే అది ముడుచుకొని పగులుతుంది. ఆ నీటి స్థానాన్ని, నీటిలో కరిగే కృత్రిమ రసాయనమైన పాలీఇథిలీన్ గ్లైకాల్‌తో నింపాలా, పంచదారతోనా అన్నదే ఎంపిక.

గ్లైకాల్‌కు అనుభవబలం ఎక్కువ. 1628లో మునిగి 1961లో పైకి తీసిన స్వీడన్ నౌక వాసాపై దాన్ని 17 ఏళ్లపాటు పిచికారీ చేశారు. తక్కువ అణుభారం గల రకం కణాల గోడల్లోకి చొరబడుతుంది. 4000 వంటి ఎక్కువ అణుభారం గలది మైనంలా గట్టిపడి, బాగా శిథిలమైన భాగాలకు ఊతమిస్తుంది. అయితే చెక్క నల్లబడి బరువెక్కుతుంది, అంటుకొని ఉన్న ఇనుము తుప్పు పడుతుంది. (వాసాలో తరవాత బయటపడిన ఆమ్లానికి మూలం మాత్రం గ్లైకాల్ కాదు, రేవు నీటిలోని గంధకమూ తుప్పు పట్టిన ఇనుప బోల్టులూ.)

పంచదార చవక, ఏ కిరాణా కొట్టులోనైనా దొరుకుతుంది, చెక్క రంగును పెద్దగా మార్చదు. కానీ పలుచని పాకం త్వరగా పులుస్తుంది కాబట్టి క్రిమినాశకం కలపక తప్పదు. మన ఇళ్లలో చీమల సంగతి చెప్పనక్కరలేదు. వానాకాలపు తేమకు పైపొర జిగటగా మారే ప్రమాదమూ ఉంది, తక్కువ అణుభారపు గ్లైకాల్‌ కూడా ఇందుకు అతీతం కాదు. ఇనుప ఇరుసు ఇంకా ఊడిరాని ఈ గిలకకైతే నేను పంచదారకే మొగ్గుతాను.