భోషాణం బాగు చేయిస్తున్నారా? లప్పం పెట్టకముందే వెళ్లి చూడండి

మా నాయనమ్మ భోషాణం టేకుది. ఊళ్లో పాత ఇల్లు తీసేస్తుంటే హన్మకొండకు తెచ్చుకున్నాను. అడుగు పలకను ఒక మూల చెదలు తినేశాయి. మూత అంచున గుండుసూది మొనంత రంధ్రాలు, వేలు ఆనిస్తే పిండిలాంటి పొడి. ఇక్కడే పాత సామాను బాగుచేసే ఒక దుకాణంలో అడిగితే, అడుగుకు టేకు పలక, పురుగుకు మందు, పాలిష్ అన్నీ కలిపి 9 వేలన్నారు. వచ్చేసరికి అద్దంలా మెరుస్తోంది. మురిసిపోయి మొత్తం ఇచ్చేశాను. రసీదు కూడా అడగలేదు, అది నా తెలివి.

వానలు పడ్డాక మూత అంచు ఉబ్బి పెచ్చు లేచింది. స్క్రూడ్రైవర్‌తో గుచ్చితే అంగుళం లోపలికి దిగింది. పురుగు తిన్న డొల్లను అలాగే ఉంచి లప్పం కూరి, పైన ముదురు రంగు పూశారు. వానాకాలం తేమకు చెక్క ఉబ్బుతుంది, లప్పం ఉబ్బదు. ఊడక ఏం చేస్తుంది? పొడి మాత్రం ఇంకా రాలుతూనే ఉంది.

అనుమానంతో భోషాణం తిరగేశాను. అడుగున టేకు లేదు, రంగు పూసిన ప్లైవుడ్. అంచున పొరలు లెక్కపెట్టవచ్చు. ఇత్తడి బందుల స్థానంలో బంగారు రంగు వేసిన ఇనుపవి. అయస్కాంతం పెడితే టక్కున అంటుకుంది, ఇత్తడికైతే అంటదు. వెళ్లి అడిగితే "తుప్పు పట్టాయి సార్, పారేశాం" అన్నాడు. ఇత్తడికి తుప్పేమిటి, మహా అయితే చిలుము పడుతుంది! ఆ బందులు ఇక దొరకవు. డబ్బు కంటే అదే ఎక్కువ బాధ.

తర్వాత పని అప్పగించిన వేరే వడ్రంగి మూత గీకగానే నన్ను పిలిచి చూపించాడు. టేకులో చేవను, అంటే నడిమి గట్టి చెక్కను, పురుగు అంత సులభంగా ముట్టదట, బెరడు పక్కన ఉండే తెల్లటి భాగాన్నే తింటుందట. మా మూత అంచు సరిగ్గా అదే. కుళ్లినదంతా గట్టి చెక్క తగిలేదాకా కోసి, మందు పట్టించి, చారలు కలిసేలా పాత టేకు ముక్క అతికించాడు. లప్పం మేకు రంధ్రాలకే వాడాడు.

మీరు ఇచ్చేముందు బందులకు, గొళ్లేనికి, అడుగు పలకకు ఫోటోలు తీసుకోండి. తీసేసిన ప్రతి ముక్కా తిరిగి ఇవ్వాలని రసీదు మీద రాయించుకోండి. మందు పనిచేసిందో లేదో చూద్దామని నేను భోషాణం కింద నల్లగుడ్డ పరిచాను. మూడు వారాలైంది, ఇంకా తెల్లటి పొడి పడలేదు.